ఒక ఇటుక బట్టీ ఫైలు ఎందుకు లావెక్కింది?

చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలో, వార్ధా నదికి దగ్గర్లో ఉన్న ఒక ఇటుకల యూనిట్ సంగతి ఇది. యజమాని తెలుగాయన. వాళ్ల నాన్న కాగజ్‌నగర్ వైపు నుంచి బల్లార్‌పూర్ బొగ్గు గనుల్లో పనికొచ్చి, తర్వాత మట్టి ఇటుక బట్టీ పెట్టుకున్నారు. కొడుకు అదే స్థలంలో, బట్టీ పక్కనే, ఫ్లైయాష్ (బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద) ఇటుకల ప్రెస్ బిగించాడు. గనులు, పేపర్ మిల్లు, రైల్వే పనుల కోసం వచ్చి ఇక్కడే పాతుకుపోయిన ఇలాంటి తెలుగు కుటుంబాలు బల్లార్‌పూర్, రాజురా, చంద్రపూర్‌లలో చాలానే ఉన్నాయి. నేను ఈ ప్రాంతంలో చిన్న యూనిట్లకు పర్యావరణ అనుమతుల పని చూసే కన్సల్టెంట్‌ని. క్లయింట్ ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. చట్టాలు, తేదీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను.

పని చాలా చిన్నగా మొదలైంది. ప్రెస్ మార్చుకోవడానికి ఆయన బ్యాంకు లోన్‌కు వెళ్లాడు. "వర్తించే పర్యావరణ నిబంధనలన్నీ పాటిస్తున్నాం" అని ఒక సర్టిఫికెట్ తెమ్మన్నారు. రాయడం ఒక్క లైనే. కానీ ఆ లైను కింద సంతకం పెట్టాలంటే వర్తించేవి ఏమిటో ముందు తెలియాలి కదా. ఆయన బీరువాలోంచి ఫైలు తీసి టేబుల్ మీద పెట్టాడు. ఒక ఫైలు కాదు, తాడుతో కట్టిన మూడు కట్టలు. "తమ్మీ, మా నాయిన ఉన్నప్పుడు ఒక్క లైసెన్సు గోడకు మేకు కొట్టి తగిలిస్తే సరిపోయేది. ఇటుక అదే ఇటుక. ఈ కాగితాలు ఎక్కడికెళ్లి పుట్టుకొస్తున్నయ్?" అన్నాడు.

ప్రశ్న బాగుంది. ఆ కట్టల్ని ఏళ్ల వరుసలో పేర్చి, ఏ కాగితం ఎందుకు పుట్టిందో రాసుకుంటూ పోయాను. ప్రభుత్వాలు పర్యావరణ నిబంధనల్ని ఎందుకు కలుపుకుంటూ పోతాయి, ఎందుకు తీసేయవు అన్నదానికి నాకు దొరికిన జవాబు ఈ ఒక్క యూనిట్ ఫైల్లోనే ఉంది.

పునాది

మహారాష్ట్రకు నీటి కాలుష్యం మీద కేంద్రం కంటే ముందే, 1969లోనే, సొంత చట్టం వచ్చింది. 1972లో స్టాక్‌హోమ్ సదస్సు జరిగింది, ఇందిరాగాంధీ వెళ్లి మాట్లాడారు. నీరు రాష్ట్రాల విషయం కాబట్టి రాజ్యాంగం 252వ అధికరణ కింద రాష్ట్రాల తీర్మానాలు తీసుకుని 1974లో నీటి చట్టం చేశారు. 1981లో గాలి చట్టం వచ్చింది. ఈసారి అంతర్జాతీయ ఒప్పందాల అమలుకు వీలిచ్చే 253వ అధికరణను వాడుకున్నారు. 1984 డిసెంబరులో భోపాల్ జరిగింది. దాని తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం.

మా ఇటుకల యూనిట్‌కు వీటన్నిటిలో ముఖ్యమైనది 1986 చట్టమే, అందులోనూ సెక్షన్ 3. పర్యావరణాన్ని కాపాడటానికి అవసరమనుకున్న చర్యలన్నీ కేంద్ర ప్రభుత్వం తీసుకోవచ్చని అది చెబుతుంది. అంటే అక్కడి నుంచి ప్రతి కొత్త నిబంధనకూ పార్లమెంటు గడప తొక్కాల్సిన పని లేదు. ముసాయిదా గెజెట్‌లో వేసి, 60 రోజులు అభ్యంతరాలు తీసుకుని, తుది నోటిఫికేషన్ ఇస్తే చాలు. భోపాల్ లాంటి ఘోరం తర్వాత అలాంటి అధికారం అవసరమే, నేను కాదనను. కాకపోతే నిబంధన పుట్టించే ఖర్చు ఆ రోజు నుంచి బాగా తగ్గిపోయింది. ప్రమాదకర వ్యర్థాలకు 1989లో, ప్రాజెక్టుల పర్యావరణ ప్రభావ అంచనాకు 1994లో, ఆసుపత్రి వ్యర్థాలకు 1998లో, బ్యాటరీలకు 2001లో, ఈ-వేస్ట్‌కు 2011లో నిబంధనలు వచ్చాయి. అన్నీ ఆ ఒక్క చట్టం కిందే. వీటిలో చాలావాటిని తర్వాత మళ్లీ కొత్తగా రాశారు.

బూడిద వరస

మా ఫైల్లో అన్నిటికంటే లావు కట్ట బూడిదది. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నిబంధన మీద నిబంధన ఎలా ఎక్కుతుందో ఇంత స్పష్టంగా ఇంకెక్కడా కనపడదు.

మన దేశపు బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. బొగ్గు కాల్చి కరెంటు తీస్తే అంత బూడిదా ఎక్కడో ఒకచోట పడాలి. ఇంకోవైపు ఇటుక బట్టీలు పొలాల పైమట్టిని తవ్వుకుపోతున్నాయి. బూడిదను ఇటుకలో పెడితే రెండు బాధలూ తీరతాయన్నది ఆలోచన. సెంటర్ ఫర్ పబ్లిక్ ఇంటరెస్ట్ లిటిగేషన్ వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు 1999 ఆగస్టు 25న తుది నోటిఫికేషన్ ఇవ్వమని గడువు పెట్టింది. సెప్టెంబరు 14న అది వచ్చేసింది. బొగ్గు విద్యుత్ కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు మట్టి ఇటుక చేసేవాళ్లు బరువులో కనీసం 25 శాతం బూడిద కలపాలి. విద్యుత్ కేంద్రాలు పదేళ్లపాటు బూడిదను ఉచితంగా ఇవ్వాలి.

చంద్రపూర్ థర్మల్ కేంద్రం ఈ 50 కిలోమీటర్ల లోపే కాబట్టి మా బట్టీ మొదటి రోజే ఇందులో పడింది. మా వైపు నల్లరేగడికి బూడిద నిజంగానే పనికొస్తుంది. రేగడి ఎండేటప్పుడు బిగుసుకుని పగుళ్లిస్తుంది, బూడిద పడితే పగుళ్లు తగ్గుతాయి. కానీ పాతిక శాతం అంటే చేత్తో అచ్చు పోసే కూలీకి ఇబ్బంది. అంచు నిలబడదు. వాళ్లకు కూలి వెయ్యి ఇటుకల లెక్కన. విరిగితే వాళ్ల నష్టమే. అందుకని పెద్దాయన, అంటే మా క్లయింట్ వాళ్ల నాన్న, కొంచెం కలిపేవారు, పూర్తిగా కలిపినట్టు రాసేవారు. ఇందులో ఆయనొక్కరే ఉన్నారని ఎవరూ అనుకోరు.

ఇప్పుడు తనిఖీకొచ్చిన అధికారి స్థానంలో నిలబడి చూడండి. కాలిపోయిన ఇటుక చేతిలో ఉంది. అందులో బూడిద పాతికా, పన్నెండా? కంటితో చూసి చెప్పలేడు. ల్యాబ్‌కు పంపాలంటే తాలూకాలో ఉన్న బట్టీలన్నిటికీ ఎక్కడ కుదురుతుంది? చివరికి ఆయన అడగగలిగింది ఒక్కటే: బూడిద తెచ్చిన రసీదులు చూపించు. అలా నిబంధన ఇటుకలోంచి రసీదులోకి మారిపోయింది.

2003 ఆగస్టులో 50 కిలోమీటర్లు 100 అయ్యాయి. బట్టీల మెడ మీద మాత్రమే కూర్చుంటే లాభం లేదని, ఇళ్లు కట్టే ఏజెన్సీలను, రోడ్లు వేసేవాళ్లను కూడా లోపలికి లాగారు. 2009 నవంబరు నాటికి ఇంకో చిక్కు. ఉచితంగా ఇవ్వాలన్న పదేళ్లు అయిపోయాయి. ఈలోగా సిమెంటు ఫ్యాక్టరీలకు బూడిద విలువ బాగా తెలిసొచ్చింది. మా జిల్లాలో గడ్‌చాందూర్, ఆవార్‌పూర్, ఉప్పర్‌వాహి వైపు సిమెంటు ప్లాంట్లకు కొదవ లేదు. పొడిగా, మెత్తగా ఉండే డ్రై యాష్ బల్కర్లలో, అంటే మూసిన ట్యాంకర్ లారీల్లో, అటు వెళ్తుంది. చిన్న ఇటుకల యూనిట్లకు మిగిలేది పాండ్ యాష్, అంటే నీళ్లతో కలిపి పైపుల్లో పంపి, చెరువులో నిలవేసి, తర్వాత తవ్వి తీసేది. చిన్నవాళ్లు గోల పెట్టారు. అందుకే 2009 సవరణలో డ్రై యాష్‌లో కనీసం 20 శాతం ఇటుకల్లాంటి చిన్న యూనిట్లకు ఉచితంగా కేటాయించాలన్నారు. బూడిద అమ్మిన డబ్బు వేరే ఖాతాలో పెట్టి బూడిద వాడకం పనులకే ఖర్చు చేయాలన్నారు. గనుల్లో కూడా బూడిద నింపాలన్నారు.

2016 జనవరిలో వంద కిలోమీటర్లు మూడు వందలయ్యాయి. అంతకుముందు చంద్రపూర్ చుట్టుపక్కల కేంద్రాల లెక్కలోనే ఉన్న మా యూనిట్ ఆ దెబ్బతో రామగుండం, కోరాడీ, ఖాపర్‌ఖేడా, మౌదా థర్మల్ కేంద్రాల లెక్కల్లోకి కూడా వచ్చింది. 100 కిలోమీటర్ల దాకా రవాణా ఖర్చు ప్లాంటుదే, ఆపైన 300 దాకా సగం సగం. స్టాకు ఎంతుందో వెబ్‌సైట్‌లో పెట్టాలి. నూటికి నూరు శాతం వాడకానికి గడువు 2017 డిసెంబరు 31. 2016లోనే మహారాష్ట్ర ప్రభుత్వం తన సొంత బూడిద వాడకం విధానం ఒకటి ప్రకటించింది. కేంద్రం గడువు దాటిపోయింది, లక్ష్యం అందలేదు. 2021 డిసెంబరు 31న పాతవాటి స్థానంలో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. నూరు శాతం వాడకం తేల్చడానికి మూడేళ్ల చక్రాలు, ఏటా కనీస శాతం, పాత గుట్టల బూడిదకు వేరే లెక్క, వాడకుండా మిగిలిన బూడిదకు టన్నుకు 1,000 రూపాయల పర్యావరణ పరిహారం. దానికి 2022 చివర్లో ఒక సవరణ, 2024 జనవరి 1న ఇంకొకటి.

"పాతవాటి స్థానంలో" అన్నారు కదా, మరి కట్ట సన్నబడాలి కదా అని మా క్లయింట్ అడిగాడు. సన్నబడలేదు. కొత్తది పాతదాన్ని తప్పించేటప్పుడు, "అంతకుముందు చేసినవి, చేయకుండా వదిలేసినవి మినహా" అన్న మాట ఒకటి ఉంటుంది. అంటే పాత కాలానికి పాత నిబంధనే లెక్క. ఎప్పుడైనా ఎవరైనా పాత ఏడాది బూడిద లెక్క అడిగితే రసీదులు ఉండాల్సిందే. నేను కూడా వాటిని పారేయొద్దనే చెప్పాను.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఈ వరస ఉత్త కాగితాల గోల కాదు. దేశంలో బూడిద వాడకం 1996-97లో పది శాతం లోపు. 2020-21కి 92 శాతం దాటింది. సిమెంటు గిరాకీ లేకపోతే ఇంత పెరిగేది కాదు, నిజమే. అయినా ప్లాంట్ల మెడ మీద ఒకదాని తర్వాత ఒకటి గడువులు లేకపోతే బల్కర్లలోకి ఎక్కించే ఏర్పాట్లు ఎవరు చేసేవారు? నిబంధనలు పేరుకుపోవడం వేరు, పనికిరాకపోవడం వేరు. రెండింటినీ ఒకటి చేసి మాట్లాడేవాళ్లతో నాకు పడదు.

ఒక్కో పొర ఎవరిది?

మూడు కట్టలూ విప్పాక ప్రతి కాగితం పక్కన పెన్సిల్‌తో "ఎవరడిగారు" అని రాసుకున్నాను. పైమట్టి పోతోందన్నవాళ్లు కోర్టుకెళ్లారు. డ్రై యాష్ అందడం లేదని చిన్న ఇటుకలవాళ్లు అడిగారు. బూడిద గుట్టల కింది ఊళ్లవాళ్లు గాలి కోసం అడిగారు. 2009 చివర్లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులేస్తే చంద్రపూర్‌కు 83.88 వచ్చింది, దేశంలో నాలుగో అధ్వాన్నమైన చోటు. 2010 జనవరిలో అలాంటి 43 ప్రాంతాల్లో కొత్త ప్రాజెక్టులను కొంతకాలం ఆపేశారు, తర్వాత ఒక్కో ప్రాంతానికి ఒక్కో యాక్షన్ ప్లాన్. అదే 2009 నవంబరులో గాలి ప్రమాణాల్లోకి పీఎం 2.5, అంటే ఊపిరితిత్తుల లోతుకు వెళ్లే అతి సన్నని ధూళి, వచ్చి చేరింది. అప్పటిదాకా కొలవని ధూళిని కొలవడం మొదలుపెడితే, దాన్ని తగ్గించే షరతులు దాని వెనకే వస్తాయి. 2019లో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం వచ్చినప్పుడు చంద్రపూర్ ఆ జాబితాలోనూ ఉంది.

మట్టి సంగతి ఇంకో దారి. 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, 5 హెక్టార్ల లోపు చిన్న ఖనిజాల (ఇసుక, ఇటుక మట్టి లాంటివి) తవ్వకానికి కూడా పర్యావరణ అనుమతి కావాల్సిందే అంది. అన్ని చిన్న దరఖాస్తులు ఎవరు చూడాలి? 2016 జనవరిలో జిల్లా స్థాయి అధికార సంస్థలు పెట్టారు. 2018లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ ఏర్పాటు సరిగ్గా లేదంది. మళ్లీ దరఖాస్తులు రాష్ట్ర స్థాయికి. మా క్లయింట్ మట్టి ఫైల్లో ఈ మూడు దశల కాగితాలూ ఉన్నాయి.

2022 ఫిబ్రవరిలో బట్టీల సొంత నిబంధన వచ్చింది: పొగ తక్కువొచ్చే జిగ్‌జాగ్ పద్ధతికో (వేడిగాలి వంకరటింకరగా తిరిగేలా ఇటుకలు పేర్చడం), వర్టికల్ షాఫ్ట్‌కో (నిలువు బట్టీ), పైపు గ్యాస్‌కో మారాలి. గాలి బాగాలేని నగరాలకు 10 కిలోమీటర్ల లోపు వాళ్లకు ఏడాది గడువు, మిగతావాళ్లకు రెండేళ్లు. రాజురా ఆ పది కిలోమీటర్లకు అవతల కాబట్టి మాకు రెండేళ్లు దొరికాయి. సరిగ్గా అదే సమయంలో, 2022 ఏప్రిల్ నుంచి, బూడిద ఇటుకతో సహా ఇటుకల మీద జీఎస్టీ 5 శాతం నుంచి పెరిగింది: ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుంటే 12, తీసుకోకపోతే 6. బూడిద ఇటుక వాడండని ఒక శాఖ వెంటపడుతుంటే, ఇంకో శాఖ దాని ధర పెంచింది. ఇందులో కుట్రేం లేదు. ఎవరి ఫైలు వాళ్లది.

నా పెన్సిల్ రాతల్లో ఒక్క కాగితం పక్కన కూడా "ఎవరూ అడగలేదు" అని రాయాల్సి రాలేదు. ప్రతి పొరకూ ఒక బాధితుడో, ఒక కోర్టో, ఒక కొలతో ఉంది. ప్రభుత్వం వేపు నుంచి చూస్తే కొత్త నిబంధన అన్నిటికంటే చవకైన జవాబు. పాత నిబంధన అమలు చేయాలంటే జీపు కావాలి, శాంపిల్ తీసే మనిషి కావాలి, ల్యాబ్ కావాలి, కోర్టులో నిలబడే వకీలు కావాలి, అవి ఏళ్ల తరబడి కావాలి. కొత్తది రాయడానికి ఒక సెక్షన్ ఆఫీసు, గెజెట్ చాలు. బాధితుడు అడిగింది గాలి. ఆయన చేతికి నోటిఫికేషన్ అందుతుంది. గాలి మారలేదని ఆయన మళ్లీ వస్తాడు. మళ్లీ ఒక సవరణ.

తీసేసిన సందర్భాలు

ఎప్పుడూ తీసేయరా అంటే, తీసేస్తారు. ఎప్పుడు, ఎందుకు అన్నది చూడాలి.

1977 నాటి నీటి సెస్సు చట్టం 2017 జూలైలో పోయింది. నీళ్లు శుభ్రమయ్యాయని కాదు. జీఎస్టీ వచ్చింది, చిల్లర సెస్సులన్నీ ఎత్తేశారు, అందులో ఇదీ కొట్టుకుపోయింది. థర్మల్ కేంద్రాలకు సల్ఫర్ డయాక్సైడ్ పరిమితి 2015 డిసెంబరులో పెట్టారు. 2017 గడువు. అది దాటింది. 2021లో ప్లాంట్లను ఏ, బీ, సీ అని విడగొట్టి కొత్త గడువులు. 2022లో పొడిగింపు. 2024 చివర్లో ఇంకో పొడిగింపు. 2025 జూలైలో సీ విభాగానికి, అంటే దేశంలోని ఎక్కువ ప్లాంట్లకు, ఆ పరిమితి నుంచి మినహాయింపు ఇచ్చారు. కాలుష్యం ఎక్కువున్న ప్రాంతాల చుట్టుపక్కలవి బీ విభాగం, వాటిని ఒక్కోటిగా చూసి తేలుస్తారు. చూడండి, నిబంధనను వెనక్కి తీసుకోవడానికీ ఇన్ని కాగితాలయ్యాయి. సడలింపు కూడా ఒక పొరే.

అన్నీ కలిపి ఒకటే చేద్దామన్న ప్రయత్నమూ జరిగింది. 2014లో మాజీ కేబినెట్ కార్యదర్శి టీఎస్ఆర్ సుబ్రమణియన్ అధ్యక్షతన కమిటీ వేశారు. పర్యావరణ చట్టాలకు ఒక గొడుగు చట్టం తేవాలని ఆ కమిటీ చెప్పింది. పార్లమెంటు స్థాయీ సంఘం ఆ నివేదికను ఒప్పుకోలేదు. ఉన్న రక్షణలు కూడా పలుచనవుతాయన్న భయం పర్యావరణవాదులది. ఆ భయం ఉత్తదేం కాదు. కలపడం పేరుతో కోయడం మనం చూడనిదా? 2020లో ప్రభావ అంచనా నిబంధనల కొత్త ముసాయిదాకు దేశమంతా అభ్యంతరాలు వెల్లువెత్తాయి, అది తుదిరూపం దాల్చలేదు. 1994 నాటిదాని స్థానంలో 2006లో వచ్చిన నోటిఫికేషనే సవరణలు, మెమోరాండంలతో నడుస్తోంది. సంస్కరణ మీద నమ్మకం లేకపోవడం కూడా పొరలు పెరగడానికి ఒక కారణమే. తీసేసేవాడిని ఎవరూ నమ్మరు, కలిపేవాడిని ఎవరూ తప్పుపట్టరు.

పైగా ప్రతి నిబంధన చుట్టూ దాని మీద బతికేవాళ్లు తయారవుతారు. శాంపిళ్లు తీసే ల్యాబులు, ఫిల్టర్లు అమ్మేవాళ్లు, ఆ నిబంధనకు తగ్గట్టు ఇప్పటికే డబ్బు పెట్టేసి పోటీవాడు కూడా పెట్టాలనుకునే ఫ్యాక్టరీలు. నాలాంటి కన్సల్టెంట్లనూ ఆ జాబితాలోంచి తీసేయనక్కర్లేదు.

మా క్లయింట్‌కు నిజంగా ఉపయోగపడిన తొలగింపు ఒకటుంది. 2016 మార్చిలో కేంద్ర మండలి, కాలుష్యం మోతాదును బట్టి పరిశ్రమలకు ఇచ్చే రంగులు మార్చినప్పుడు, బూడిద ఇటుకల తయారీ తెలుపు విభాగంలోకి వెళ్లింది. మట్టి బట్టీ ఆరెంజ్‌లోనే ఉంది. 2024 నవంబరులో తెలుపు వాళ్లకు కన్సెంట్ (కాలుష్య మండలి ఇచ్చే అనుమతి) అవసరమే లేదని కేంద్రం నోటిఫై చేసింది. సంతోషమే. కానీ బ్యాంకు చెక్‌లిస్టులో "కాలుష్య మండలి కన్సెంట్ కాపీ" అన్న గడి అలాగే ఉంది. టెండర్ ఫారాల్లోనూ ఉంది. ఆ గడి నింపడానికి, మాకు అనుమతి అవసరం లేదని చెప్పే లేఖ ఒకటి సంపాదించాల్సి వచ్చింది. ఆ లేఖ కోసం పెట్టుకున్న దరఖాస్తుకు జత చేసిన కాగితాలు పాత కన్సెంట్ దరఖాస్తుకు ఏమాత్రం తీసిపోవు.

కింద ఉన్నవాళ్లు

దేశంలోని రాష్ట్ర కాలుష్య మండళ్లలో మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీ. ఇది హరిత ట్రిబ్యునల్ ముందు తేలిన విషయమే. బూడిద, మట్టి, జిగ్‌జాగ్, ప్లాస్టిక్, బ్యాటరీ, ఈ-వేస్ట్, ఆసుపత్రి వ్యర్థాలు, నగరాల గాలి అన్నీ వచ్చి వాలేది ఆ మిగిలిన సగం మంది మీదే. నాకు తెలిసిన ఒక ఫీల్డ్ ఆఫీసర్ (ఏ జిల్లా అన్నది అనవసరం) పొద్దున్నే కాగితాలను మూడు కుప్పలు పెట్టుకుంటాడు: కోర్టు, ట్రిబ్యునల్‌వి ఒకటి, ఫిర్యాదులు ఒకటి, మిగతావన్నీ ఒకటి. మూడో కుప్ప సాయంత్రానికి కదిలితే ఆ రోజు పండగే. ఇటుకలో బూడిద శాతం ఆ మూడో కుప్పలో ఉంటుంది.

ఇది మనకు మాత్రమే ఉన్న జబ్బు కాదు. జర్మనీకి చెందిన క్రిస్టోఫ్ క్నిల్, ఈవ్ స్టైనెబాక్ లాంటి రాజనీతి పరిశోధకులు సంపన్న దేశాల పర్యావరణ, సామాజిక విధానాలను దశాబ్దాల మేర లెక్కగట్టి చూశారు. విధానాలు పెరిగినంత వేగంగా వాటిని అమలు చేసే యంత్రాంగం పెరగడం లేదని, దాంతో కింది ఆఫీసులు దేన్ని పట్టించుకోవాలో దేన్ని వదిలేయాలో తామే ఎంచుకోవాల్సి వస్తోందని వాళ్లు చెబుతారు. రాసేవాళ్లూ అమలు చేసేవాళ్లూ ఒకరి మాట ఒకరు వినే ఏర్పాటు ఉన్నచోట, అమలు ఖర్చు రాసేవాళ్ల మీద కూడా పడే చోట, ఈ ఎడం తక్కువట. మా దగ్గర రాసేది ఢిల్లీ, ఖర్చు ముంబైది, తిట్లు చంద్రపూర్‌లో ఉన్నవాడికి. ఢిల్లీకి కింది భారం తెలిసే దారి లేదు. కింద అమలు కాలేదన్న సంగతి మాత్రం తెలుస్తుంది, కోర్టు ద్వారానో పేపర్ ద్వారానో. దానికి వాళ్ల దగ్గరున్న మందు ఇంకో నోటిఫికేషనే.

మేం చేసిన పని

ముందు మూడు కట్టల్నీ చట్టాల వారీగా కాకుండా పనుల వారీగా మార్చాం. ధూళి, నీళ్లు, బూడిద, మట్టి, రవాణా. ఒకే పని గురించి నాలుగుచోట్ల షరతులుంటే నాలుగింటినీ పక్కపక్కన పెట్టి, అన్నిటికంటే కఠినమైనది పాటిస్తే మిగతావి వాటంతటవే తీరేలా ఒక పట్టిక చేశాం. బూడిద గుట్ట మీద నీళ్లు చల్లాలి, టార్పాలిన్ కప్పాలి, రోడ్డు తడపాలి అన్న మాటలే వేర్వేరు కాగితాల్లో వేర్వేరు పదాలతో ఉన్నాయి. చివరికి రోజువారీగా చేయాల్సిన పనులు ఒక్క పేజీలో పట్టాయి. ఆ పేజీని ప్రెస్ ఆపరేటర్ దగ్గర గోడకు అంటించాం, తెలుగులోనూ హిందీలోనూ.

మట్టి బట్టీ మీద నిర్ణయం ఆయనదే. జిగ్‌జాగ్‌కు మార్చే ఖర్చు, మట్టి అనుమతుల తలనొప్పి, వలస కూలీలు దొరకని సీజన్లు, అన్నీ లెక్కేసుకుని మూసేశాడు. వాళ్ల నాన్న పెట్టిన బట్టీ కదా, మనసు ఒప్పుకోవడానికి టైం పట్టింది. రేగడి నేల పైమట్టి ఆ మేరకు మిగిలింది. అది కావాలనే కదా 1999లో మొదలుపెట్టింది. లోన్ కూడా వచ్చింది.

తెగని పంచాయితీ మాత్రం బూడిదదే. రూలు ప్రకారం డ్రై యాష్‌లో చిన్నవాళ్లకు వాటా ఉండాలని అన్నేళ్లు విన్నాం. మాకు వచ్చేది పాండ్ యాష్ టిప్పరే. ఒకరోజు లోడు దిగుతుంటే నేనక్కడే ఉన్నాను. వెనక డాలా సందుల్లోంచి బూడిద రంగు నీళ్లు ధారగా కారుతున్నాయి. కాటా చీటీలో బరువు ఉంది, అందులో నీళ్లెంత అన్నది లేదు. రవాణా కిరాయి టన్ను లెక్కన. తీరా ఆరబెట్టాక చూస్తే గుట్ట కుంగిపోయింది. ఆరకముందే మిక్సర్‌లో వేస్తే నీళ్ల కొలత ఆపరేటర్ చేతిలో ఉండదు. ఇటుక ప్యాలెట్ మీదే కాళ్లు చాపేస్తుంది, మూలలు రాలిపోతాయి. అలాంటి ఇటుకకు నీరు పీల్చే పరీక్షలో కూడా పేచీ. ప్లాంటువాళ్లను అడిగితే బూడిద ఇచ్చాం కదా అంటారు, వాళ్ల లెక్కలో ఆ నీళ్లు కూడా వాడకమైపోయిన బూడిదే. కిరాయి తడిసి మోపెడవుతోందని మా క్లయింట్ గొణుగుడు.

కాగితాలు ఎక్కువయ్యాయని నన్ను పిలిచిన మనిషే, పని అంతా అయ్యాక, చుట్టుపక్కల ఇటుకలవాళ్లను నలుగురిని కూర్చోబెట్టి ఒక అర్జీ రాయమన్నాడు. పాండ్ యాష్‌లో తేమకు పరిమితి పెట్టాలని, కాటా దగ్గరే తేమ కొలిచి ఆ మేరకు బరువు తగ్గించాలని, చీటీ మీద తేమ శాతం తప్పనిసరిగా వేయాలని. "అన్నా, ఇది అయితే ఇంకో రూలు వస్తది, దానికి నువ్వు కూడా ఒక రిజిస్టర్ పెట్టాలె" అని చెప్పాను. "పెడదాం తియ్, ఇది మాత్రం రావాలె" అన్నాడు. రాశాను. మంత్రిత్వ శాఖకు ఒక కాపీ, రాష్ట్ర మండలికి ఒక కాపీ పంపాం. తర్వాతి సవరణ ముసాయిదా ఎప్పుడొస్తే అప్పుడు ఆ 60 రోజుల్లో మళ్లీ ఇదే పంపడానికి ఇంకో కాపీ ఫైల్లో ఉంచాం.